6యూ క్యూబ్‌శాట్‌లో హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా: 20 మీటర్ల పిక్సెల్, 200 బ్యాండ్లు సముద్రానికి అవసరమా?

గోదావరి_గట్టు
మా కాలేజీ టీమ్ 6యూ ఉపగ్రహం (బూట్ల పెట్టంత చిన్నది) డిజైన్ రివ్యూ దశలో ఉంది. చూడాల్సింది కాకినాడ నుంచి అంతర్వేది దాకా తీరం నీళ్ళు: క్లోరోఫిల్, బురద, వీలైతే ఆల్గే బ్లూమ్. కెమెరా హైపర్‌స్పెక్ట్రల్, అంటే వెలుతురును ఎన్నో సన్నని రంగు పట్టీలుగా (బ్యాండ్లు) విడదీసేది. నార్వే ఎన్‌టీఎన్‌యూ యూనివర్సిటీ ఉపగ్రహం హిప్సో-1 తరహాలోనే అనుకున్నాం. 50 మి.మీ. ఎఫ్/2.8 లెన్సులు మూడు, 50 మైక్రాన్ల వెడల్పు 7 మి.మీ. పొడవు స్లిట్ (వెలుతురు దూరే చీలిక), మిల్లీమీటరుకు 300 గీతల గ్రేటింగ్ (రంగులు విడదీసే పలక), సోనీ ఐఎంఎక్స్249 సెన్సార్. కక్ష్య 500 కి.మీ. రివ్యూలో ఇద్దరు పట్టుబట్టారు: 60 మీటర్ల పిక్సెల్ చాలదు, 20 మీటర్లు కావాలి, బ్యాండ్లు 120 కాదు 200 పెట్టండి అని. ముందు లెన్స్ ఒక్కటి 150 మి.మీ.ది పెడితే 20 మీటర్లు వచ్చేస్తుంది కదా అంటున్నారు. అలా చేస్తే ఏం పోతుంది? అంకెలతో చెప్పేవాళ్ళు కావాలి.

స్లిట్_సుబ్బారావు
ముందు ఒక్క లెక్క వేసుకోండి. 5.86 మైక్రాన్ల పిక్సెల్, 50 మి.మీ. లెన్స్, 500 కి.మీ. ఎత్తు: స్లిట్ పొడవు దిశలో నేల మీద 58 మీటర్లు. ఇది అందరూ వేసే లెక్కే. ఉపగ్రహం నడిచే దిశలో మాత్రం కొలత పిక్సెల్‌ది కాదు, స్లిట్ వెడల్పుది. 50 మైక్రాన్లను 50 మి.మీ.తో భాగించి 500 కి.మీ.తో గుణిస్తే 500 మీటర్లు. అంటే మీ పిక్సెల్ 58 అడ్డం, 500 నిలువు. 150 మి.మీ. లెన్స్ పెడితే 20 అడ్డం, 167 నిలువు అవుతుంది. రెండు వైపులా 20 రావాలంటే స్లిట్ 6 మైక్రాన్లకు తగ్గించాలి, దాంతో వెలుతురు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

పైగా 150 మి.మీ. ఎఫ్/2.8 అంటే ముందు గాజు వ్యాసమే 54 మి.మీ. బరువు, బిగింపు, ఫోకస్ అన్నీ మారతాయి. ఎఫ్/4తో సరిపెట్టుకుంటే వెలుతురు మళ్ళీ సగం.

గోదావరి_గట్టు
500 మీటర్లా? మరి హిప్సో బొమ్మలు అంత మసగ్గా లేవే.

కక్ష్య_500
అందుకే వాళ్ళు ఉపగ్రహాన్ని తిప్పుతూ తీస్తారు. మామూలుగా నేల మీద కెమెరా చూసే చోటు సెకనుకు 7 కి.మీ. పరిగెడుతుంది. తీసేటప్పుడు ఉపగ్రహాన్ని వెనక్కి నెమ్మదిగా వంచుతూ పోతే ఆ వేగం తగ్గుతుంది, ఒక ఫ్రేమ్ మీద ఇంకో ఫ్రేమ్ పడుతుంది. అదే చోటు మళ్ళీ మళ్ళీ కనబడుతుంది కాబట్టి నేల మీదకొచ్చాక లెక్కలతో మసక కొంత విప్పొచ్చు, ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్‌కి సంకేతం ఎన్ని రెట్లో) కూడా పెరుగుతుంది. దీనికి రియాక్షన్ వీల్స్ (ఉపగ్రహాన్ని తిప్పే లోపలి చక్రాలు) నునుపుగా తిరగాలి. వీల్ జీరో వేగం దాటే చోట జర్క్ వస్తుంది, ఆ చోట ఫోటోలో వంకర గీత కనబడుతుంది. స్లూ (ఆ తిప్పడం) మొదలయ్యే ముందే వీల్స్‌కి బయాస్ వేగం ఇచ్చి ఉంచండి.

నీలిఛాయ
20 మీటర్లు వద్దు అనడానికి ఆప్టిక్స్ కంటే పెద్ద కారణం ఉంది: సముద్రం చీకటిగా ఉంటుంది. పైనుంచి కెమెరాకు చేరే వెలుతురులో నీటిలోంచి వచ్చేది నీలం దగ్గర పదో వంతు మించదు, ఎరుపులో ఇంకా తక్కువ. మిగతాదంతా గాలి చెదరగొట్టింది, నీటి పైపొర మీద మెరిసింది. నేల కోసం చేసిన హైపర్‌స్పెక్ట్రల్ కెమెరాను సముద్రం మీద పెడితే పంటలో బాగా పనిచేసిన ఎస్‌ఎన్‌ఆర్ ఇక్కడ చాలకపోవడం అందుకే. రివ్యూలో "పిక్సెల్ ఎంత" అని అడిగేవాళ్ళకి "443 నానోమీటర్ల (నీలం) దగ్గర ఎస్‌ఎన్‌ఆర్ ఎంత, 670 (ఎరుపు) దగ్గర ఎంత" అని ఎదురు ప్రశ్న వేయండి.

స్లిట్_సుబ్బారావు
నీలిఛాయ మేడం అడిగిన అంకె నేను వేసి పెడతాను. సముద్రం మీద 443 నానోమీటర్ల దగ్గర పైనుంచి కనబడే రేడియన్స్ సుమారు 70 వాట్లు, చదరపు మీటరుకు, స్టెరేడియన్‌కు, మైక్రాన్‌కు. గ్రేటింగ్, లెన్సులు, సెన్సార్ దక్షత అన్నీ కలిపి 20 శాతం అనుకుందాం. 9 పిక్సెళ్ళు కలిపిన 3.5 నానోమీటర్ల బ్యాండ్‌లో సెకనుకు దాదాపు 32 లక్షల ఎలక్ట్రాన్లు వస్తాయి.

20 మీటర్లు దాటడానికి పట్టేది 2.8 మిల్లీసెకన్లు. అంటే 9,000 ఎలక్ట్రాన్లు, వర్గమూలం 95. అదే ఎస్‌ఎన్‌ఆర్, అదీ 50 మైక్రాన్ల స్లిట్‌తోనే. 670 దగ్గర రేడియన్స్ 20 వాట్లకు పడుతుంది, ఎస్‌ఎన్‌ఆర్ 60 చుట్టూ. ఇప్పుడు 30 మిల్లీసెకన్లు తెరిచి ఉంచండి: 443 దగ్గర 96,000 ఎలక్ట్రాన్లు, ఎస్‌ఎన్‌ఆర్ 310. పక్కపక్క పిక్సెళ్ళు 3×3 కలిపితే 900 దాటుతుంది.

ఎస్‌ఎన్‌ఆర్ 95 అంటే మొత్తం వెలుతురులో ఒక శాతం నాయిస్. అందులో నీటి వాటా పదో వంతే కాబట్టి నీటి సంకేతం మీద అది పది శాతం. ఎరుపులో నీటి వాటా మూడు నాలుగు శాతమే ఉంటే సంకేతంలో సగం దాకా నాయిస్ తినేస్తుంది. క్లోరోఫిల్ మెరుపు (ఫ్లోరోసెన్స్) వచ్చేది అక్కడే.

విశాఖ_వీచిక
సుబ్బారావు గారి లెక్క ఒప్పుకుంటాను గానీ తీరానికి 20 మీటర్లు పూర్తిగా కొట్టిపారేయకండి. ఉప్పుటేరు మొగలు, హార్బర్, కోరింగ మడ అడవుల మధ్య కాలవలు 60 మీటర్లలో కనబడవు. భీమవరం వైపు రొయ్యల చెరువులు చూడాలంటే ఎకరం చెరువు 64 మీటర్ల చదరం, మీ ఒక్క పిక్సెల్‌తో సమానం. గట్టు, చెట్టు, నీళ్ళు అన్నీ అందులోనే కలిసిపోతాయి.

నీలిఛాయ
చెరువులు వేరే మిషన్ అండీ. ఒక ఎకరం నీటి చుట్టూ పచ్చదనం ఉంటే ఎన్ఐఆర్‌లో (ఎరుపు దాటిన, కంటికి కనబడని వెలుతురులో) ఆ పచ్చదనం వెలుతురు గాలిలో చెదిరి నీటి పిక్సెల్ మీద పడుతుంది. పిక్సెల్ 5 మీటర్లు చేసినా ఆ కల్తీ పోదు. పిక్సెల్ (Pixxel) అనే మన దేశపు కంపెనీవి మూడు ఫైర్‌ఫ్లై ఉపగ్రహాలు 2025 జనవరిలో వెళ్ళాయి, 5 మీటర్లు, 40 కి.మీ. స్వాత్ (ఒకేసారి కనబడే వెడల్పు). చెరువుల్లాంటి పనికి అలాంటివి చూడండి. గట్టు గారి టీమ్‌కి సముద్రం కావాలి కాబట్టి సముద్రానికే కొలతలు పెట్టుకోవాలి.

విశాఖ_వీచిక
సరే, కానీ తీరం నుంచి 2 కి.మీ. లోపల మీ డేటా వాడొద్దని రిపోర్టులో రాసుకోండి. ఆ పచ్చదనం కల్తీ అక్కడా ఉంటుంది.

నీలిఛాయ
అది రాయాల్సిందే. ఒప్పుకున్నాను.

తెరచాప
హిప్సో ఎందుకు పుట్టిందో తెలిస్తే పిక్సెల్ గొడవ తేలిపోతుంది. నార్వే సాల్మన్ పెంపకానికి ఆల్గే బ్లూమ్ పెద్ద గండం. 2019లో ఉత్తర నార్వేలో ఒక బ్లూమ్‌కి దాదాపు 80 లక్షల సాల్మన్లు చచ్చాయి. వాళ్ళకి కావాల్సింది ఒకే చోటును వీలైనన్నిసార్లు చూసి, బ్లూమ్ ఎటు పోతోందో గంటల్లో చెప్పడం. హిప్సో-1 2022 జనవరి 13న, హిప్సో-2 2024 ఆగస్టులో వెళ్ళాయి. ప్రశ్న ముందు, పిక్సెల్ తర్వాత.

గోదావరి_గట్టు
అర్థమైంది. 20 మీటర్ల మాట పక్కన పెడుతున్నాం. బ్యాండ్ల సంగతి?

కక్ష్య_500
200 వద్దు. ఒక హిప్సో తరహా క్యూబ్ (ఒక ఫోటో మొత్తం డేటా) 956 ఫ్రేములు × 684 పిక్సెళ్ళు × 120 బ్యాండ్లు. పిక్సెల్‌కి 2 బైట్లు చొప్పున 157 ఎంబీ. ఎస్-బ్యాండ్ రేడియో 1 ఎంబీపీఎస్ అయితే దించడానికి 21 నిమిషాలు. ఒక మంచి పాస్ పది నిమిషాలు. తెలుగు నేల మీద ఒకే స్టేషన్ ఉంటే రోజుకు నాలుగు పాస్‌లు, అందులో ఎత్తుగా వెళ్ళేవి రెండు. బ్యాండ్లు 200 చేస్తే 260 ఎంబీ దాటుతుంది, అంటే ఒక ఫోటోకి రోజు మొత్తం. సీసీఎస్‌డీఎస్-123 కంప్రెషన్ (డేటా కుదించే పద్ధతి) ఎఫ్‌పీజీఏ చిప్‌లో పెడితే సగానికి దగ్గరగా తగ్గొచ్చు గానీ నాయిస్ ఎక్కువున్న డేటా సరిగ్గా కుదించుకోదు. సన్నని బ్యాండ్లు అంటే ఎక్కువ నాయిస్. రెండు వైపులా దెబ్బే.

నీలిఛాయ
5 నానోమీటర్లు చాలు. నాసా పేస్ ఉపగ్రహం మీద ఓసీఐ కెమెరా కూడా 340 నుంచి 890 దాకా 5 నానోమీటర్ల బ్యాండ్లే ఇస్తుంది. సముద్రంలో రంగు మారే తీరు నెమ్మదైనది. 443 దగ్గర క్లోరోఫిల్ పీల్చుకోవడం, 412 దగ్గర కుళ్ళిన ఆకుల నుంచి వచ్చే పసుపు పదార్థం అంటే సీడామ్, 620 దగ్గర నీలి ఆకుపచ్చ నాచు ఫైకోసయనిన్, 681 దగ్గర క్లోరోఫిల్ మెరుపు. వీటిలో సన్నగా ఉండేది ఆ మెరుపు ఒక్కటే. దానికి పక్కన 665, 709 ఉంటే చాలు. 687 దగ్గర ఆక్సిజన్ గీత ఉంది, 681 బ్యాండ్ దాని మీదకు జారకుండా చూసుకోండి.

గ్రేటింగ్_గిరి
నేను కాస్త అడ్డం చెప్తాను. బ్యాండ్లు కలిపేసి పంపితే తరంగదైర్ఘ్యం జరిగిందో లేదో కనిపెట్టేదెలా? ప్రయోగం కుదుపుల్లో గ్రేటింగ్ మౌంట్ పది మైక్రాన్లు జరిగితే మీ స్పెక్ట్రమ్ అర నానోమీటరు పైన జరుగుతుంది. పిక్సెల్‌కి 0.39 నానోమీటర్లు కదా. 681 మెరుపు లెక్క మొత్తం తప్పిపోతుంది. విడి పిక్సెళ్ళు కావాల్సిందే.

కక్ష్య_500
గిరి అన్నా, రోజూ అక్కర్లేదు. నెలకో రెండు మూడు సార్లు బిన్నింగ్ (పిక్సెళ్ళు కలపడం) ఆపేసి చిన్న క్యూబ్ తీయండి. 50 ఫ్రేములు చాలు.

గ్రేటింగ్_గిరి
దానికి సమ్మతమే, ఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌లో ఆ మోడ్ ముందే ఉంటే. తర్వాత పంపుదామంటే అప్‌లోడ్‌కి నానా తంటా. గట్టు, ఆ బిన్నింగ్ లేని క్యూబ్‌ని ఎడారి మీదో మబ్బు మీదో తీయండి, సముద్రం మీద కాదు. వెలుతురు ఎక్కువున్న చోట 760 దగ్గర ఆక్సిజన్ గీత, 687, సూర్యుడి హైడ్రోజన్ గీతలు 656.3, 486.1 స్పష్టంగా కనబడతాయి. నాలుగు గీతలతో వంపు గీస్తే జరుగుబాటు తెలుస్తుంది. స్లిట్ పొడవునా పైన, మధ్యన, కింద విడివిడిగా చేయండి. గీత నిటారుగా కాకుండా నవ్వులా వంగి ఉంటుంది, అదే స్మైల్. కామెరా లెన్సులతో కట్టిన స్పెక్ట్రోమీటర్లో ఇది తప్పదు.

ల్యాబ్‌లో అయితే మెర్క్యురీ-ఆర్గాన్ దీపాలు: 404.7, 435.8, 546.1, ఆపైన ఆర్గాన్ 763.5, 811.5.

స్లిట్_సుబ్బారావు
ఇంకో ముఖ్యమైన మాట. 400 నుంచి 900 అని మొదట్లో ఎవరో అన్నట్టున్నారు మీ రివ్యూలో? గ్రేటింగ్ రెండో ఆర్డర్‌లో (అదే వెలుతురు రెట్టింపు తరంగదైర్ఘ్యం చోట మళ్ళీ పడడం) 400 నానోమీటర్ల నీలం 800 దగ్గర పడుతుంది, 450 ఏమో 900 దగ్గర. సముద్రంలో నీలం ఎక్కువ, ఎన్ఐఆర్ దాదాపు సున్నా. అంటే 800 పైన మీకు కనబడేదాంట్లో పెద్ద వాటా దొంగ నీలమే. సెన్సార్ ముందు ఆ సగానికి ఆర్డర్ సార్టింగ్ ఫిల్టర్ అతికించాలి, లేదంటే 800 దగ్గర ఆపేయాలి. హిప్సో 400–800కే పరిమితమవడంలో ఇదే సుఖం.

గోదావరి_గట్టు
అవును, 900 అని రాశాం. 865 లేకపోతే గాలి చెదరగొట్టిన వెలుతురు తీసేయడం కుదరదన్నారు మా గైడ్.

నీలిఛాయ
మీ గైడ్ గారు చెప్పింది లోతు సముద్రానికి నిజం. పాత పద్ధతి ఏంటంటే 765, 865 దగ్గర నీళ్ళు నల్లగా ఉంటాయి, అక్కడ కనబడేదంతా గాలిదే అనుకుని ఏరోసాల్ (గాలిలో తేలే సన్నని కణాలు) అంచనా కట్టి నీలం దాకా పొడిగించడం. గోదావరి మొగ దగ్గర ఆ నమ్మకమే తప్పు. బురద రేణువులు 865లో కూడా వెలుతురు వెనక్కి పంపుతాయి. దాన్ని గాలి ఖాతాలో వేసి తీసేస్తే నీలంలో అవసరానికి మించి తీసేసినట్టవుతుంది, 412 దగ్గర నీటి వెలుతురు మైనస్‌లోకి పోతుంది. మైనస్ వచ్చిన పిక్సెల్ చూడగానే ఇదే ముందు అనుమానించండి.

పెద్ద ఉపగ్రహాలు 1240, 1640, 2130 లాంటి ఎస్‌విర్ (ఎన్ఐఆర్ కంటే ఇంకా పొడవు తరంగాల) బ్యాండ్లతో బయటపడతాయి. మీ సెన్సార్ సిలికాన్, అంత దూరం చూడలేదు. కాబట్టి బొమ్మలో అతి చీకటి పిక్సెళ్ళని పట్టుకుని గాలిని అంచనా కట్టే పద్ధతి, అంటే అకోలైట్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న డార్క్ స్పెక్ట్రమ్ ఫిటింగ్, మీకు నప్పుతుంది. 865 కోసం కొట్టుకోకండి.

కోరింగ_కాపరి
కాకినాడ బే గురించి స్థానికంగా ఒకటి చేర్చాలి. హోప్ ఐలాండ్ లోపలి వైపు నీళ్ళు లోతు తక్కువ, అడుగు బురద, పక్కనే కోరింగ మడ అడవులు. ఆకు కుళ్ళి వచ్చే సీడామ్ నీలాన్ని క్లోరోఫిల్ లాగే పీల్చేస్తుంది. నీలం-ఆకుపచ్చ నిష్పత్తితో లెక్కకట్టే మామూలు ఓసీఎక్స్ సూత్రం అక్కడ పెడితే క్లోరోఫిల్ ఉన్నదానికంటే బాగా ఎక్కువ చూపిస్తుంది. పోటు వెళ్ళిపోయి ఆటు మొదలయ్యాక కాలవల్లోంచి నల్లటి నీళ్ళు బేలోకి దిగుతుంటాయి, అప్పుడు ఇంకా ఎక్కువ. ఎరుపు, ఎన్ఐఆర్ బ్యాండ్లు, 665కి 709 నిష్పత్తి వాడండి. మీ 400–800లో రెండూ ఉన్నాయి.

తెరచాప
ఆంధ్ర తీరం మొత్తం రోజూ చూడాలనే ఆశ ఉంటే ఇప్పుడే వదిలేయండి. స్లిట్ 7 మి.మీ.తో మీ స్వాత్ 70 కి.మీ. 2022 నవంబరు 26న పీఎస్‌ఎల్‌వీ-సీ54 మీద వెళ్ళిన ఓషన్‌శాట్-3లో ఓసీఎం-3 కెమెరా 13 బ్యాండ్లు, 360 మీటర్లతో అంతకు ఎన్నో రెట్ల వెడల్పు చూస్తుంది. హైదరాబాద్ ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) మత్స్యకారులకిచ్చే చేపల జాడ సూచనలకి అలాంటి వెడల్పే కావాలి. మీది ఆ పనికి పోటీ కాదు. ఓసీఎం ఏదో బ్లూమ్ ఉన్నట్టు చూపిస్తే అక్కడ ఏ జాతి ఆల్గేనో విడదీయడానికి మీది పనికొస్తుంది. 13 బ్యాండ్లతో అది కష్టం, 5 నానోమీటర్లతో అవకాశం ఉంది.

విశాఖ_వీచిక
దేశంలో ఇది కొత్తా కాదు. 2008 ఏప్రిల్‌లో పీఎస్‌ఎల్‌వీ-సీ9 మీద వెళ్ళిన ఐఎంఎస్-1 బరువు 83 కిలోలు. అందులో హైసీ కెమెరాకు 64 బ్యాండ్లు, దాదాపు 500 మీటర్ల పిక్సెల్. చిన్న ఉపగ్రహం మీద హైపర్‌స్పెక్ట్రల్ అనే ఆలోచన శ్రీహరికోట నుంచి అప్పుడే ఎగిరింది. రివ్యూలో ఈ మాట చెప్పండి, వినేవాళ్ళకి ధైర్యం వస్తుంది.

గోదావరి_గట్టు
క్యాలిబ్రేషన్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మా దగ్గర ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (లోపల వెలుతురు సమానంగా పరిచే గోళం) ఉంది. ఎంత ఖచ్చితంగా చేస్తే చాలు?

నీలిఛాయ
ఎంత చేసినా చాలదు, ఇది నిజాయితీగా చెప్తున్నాను. నీటి వాటా పదో వంతు కాబట్టి కెమెరాలో అర శాతం తప్పు నీటి దగ్గరికొచ్చేసరికి ఐదు శాతం. స్ఫియర్ దీపమే ఒకటి రెండు శాతం అటూ ఇటూ ఉంటుంది. అందుకే ప్రపంచంలో సముద్ర రంగు ఉపగ్రహాలన్నీ కక్ష్యలోకి వెళ్ళాక నీటి కొలతలతో సరిచూసుకుంటాయి. హవాయి లనాయి దీవి దగ్గర మోబీ బోయ్ 1997 నుంచి ఈ పనికే ఉంది. మన దగ్గర ఇస్రో లక్షద్వీప్ కవరత్తి దగ్గర పెట్టింది. స్వచ్ఛమైన నీళ్ళు, తీరం దుమ్ము తక్కువ. కాకినాడ దగ్గర క్యాలిబ్రేట్ చేయకండి, కాకినాడ దగ్గర పరీక్షించండి. రెండూ వేర్వేరు.

కక్ష్య_500
సులువు దారి: అదే రోజు పేస్ కూడా చూసిన స్వచ్ఛమైన సముద్రం చోటు వెతికి, దాని బ్యాండ్లతో మీవి పోల్చండి. డేటా ఉచితం. సూర్యుడి కోణం, చూసే కోణం దగ్గర దగ్గరగా ఉన్న జతలే తీసుకోండి. చంద్రుడి ఫోటో కూడా నెలకోసారి తీయండి, ప్రతిసారీ అదే కళ దగ్గర. కెమెరా నెమ్మదిగా మసకబారుతోందా లేదా అన్నది చంద్రుడు చెప్తాడు, గాలి అడ్డు ఉండదు.

గ్రేటింగ్_గిరి
పోలరైజేషన్ మర్చిపోకండి. గాలి చెదరగొట్టిన నీలం వెలుతురు పోలరైజ్ అయి ఉంటుంది, గ్రేటింగ్ ఒక దిశ పోలరైజేషన్‌ని ఎక్కువ పంపుతుంది. ఉపగ్రహం రోల్ మారితే అదే నీళ్ళు వేరే అంకె ఇస్తాయి. ఓసీఐలో డీపోలరైజర్ ఉంది. 6యూలో చోటు లేకపోతే ల్యాబ్‌లో స్ఫియర్ ముందు పోలరైజర్ ఫిల్టర్ పెట్టి 15 డిగ్రీలకోసారి తిప్పుతూ కొలవండి. ఆ వక్రరేఖ ఫైల్లో ఉంటే తర్వాత సరిదిద్దుకోవచ్చు. ప్రయోగం అయ్యాక కొలిచే దారి లేదు.

విశాఖ_వీచిక
గ్లింట్! ఎవరూ అనలేదు. కాకినాడ 17 డిగ్రీల ఉత్తరం. మే మొదటి వారంలో, మళ్ళీ ఆగస్టు మొదట్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తిన. నిట్టనిలువుగా కిందకి చూస్తే నీళ్ళలో అద్దంలా సూర్యుడే. సముద్రం కనబడదు.

కక్ష్య_500
పేస్ 20 డిగ్రీలు ముందుకీ వెనక్కీ వాలేది ఇందుకే. మీకు టిల్ట్ మెకానిజం అక్కర్లేదు, ఉపగ్రహాన్నే వాల్చొచ్చు. ఉదయం పాస్ అయితే సూర్యుడు తూర్పున ఉంటాడు. ఉపగ్రహం కూడా తూర్పున సముద్రం మీదుగా వెళ్తూ పడమటికి తీరం వైపు చూడాలి. సూర్యుడు కెమెరా వీపు వెనక ఉండాలి అన్నమాట. తీరం లోపలి నుంచి తూర్పుకి చూసే పాస్‌లు వదిలేయండి. షెడ్యూలర్లో గ్లింట్ కోణం (కెమెరా చూసే దిశకీ నీళ్ళలో సూర్యుడి ప్రతిబింబం దిశకీ మధ్య కోణం) 40 డిగ్రీల కంటే తక్కువుంటే ఫోటో రద్దు అని ఒక్క లైను రాస్తే ఎంతో డౌన్‌లింక్ మిగులుతుంది.

కోరింగ_కాపరి
మబ్బులు కూడా లెక్కేసుకోండి. గోదావరి వరద బురద సముద్రంలోకి బాగా పోయేది జులై నుంచి సెప్టెంబరు, అప్పుడే ఆకాశం మూసుకుపోతుంది. డిసెంబరు నుంచి మార్చి వరకు ఆకాశం తేటగా ఉంటుంది, సూర్యుడూ కాస్త వాలి ఉంటాడు. నీటి నమూనాల ప్రోగ్రాం ఆ నెలల్లో పెట్టుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర బోట్ల వేట నిషేధం, వేట బోటు మాట్లాడుకుందామంటే కుదరదు.

గోదావరి_గట్టు
నమూనాలు ఎలా తీయాలో కూడా చెప్పండి సార్. పిల్లలకి అదే మొదటిసారి.

కోరింగ_కాపరి
రెండు పనులు ఒకేసారి జరగాలి. ఒకటి స్పెక్ట్రోమీటర్. బోటు నీడ పడని వైపు నిలబడి, నిలువు నుంచి 40 డిగ్రీల వాలులో నీళ్ళను, అదే కోణంలో ఆకాశాన్ని, ఆపైన తెల్ల ప్లేటును కొలవాలి. సూర్యుడి దిశ నుంచి 135 డిగ్రీలు పక్కకి తిరగాలి. ఆకాశం అంకెలో 0.028 వంతు నీటి అంకె నుంచి తీసేస్తే పైపొర మెరుపు పోతుంది. గాలి ఎక్కువుంటే ఆ వంతు పెరుగుతుంది, నురగ కనబడితే ఆ కొలత పారేయండి. ప్రతి చోటా పది కొలతలైనా ఉండాలి.

రెండు, నీళ్ళు. పైపొర నుంచి రెండు లీటర్లు, ముదురు రంగు సీసాలో, ఎండ తగలకుండా. అదే రోజు 0.7 మైక్రాన్ల జీఎఫ్/ఎఫ్ ఫిల్టర్ మీద వడకట్టాలి. బే లోపల బురదకి 200 మిల్లీలీటర్లకే ఫిల్టర్ పూడుకుపోతుంది. పూడుకున్నాక పంపు ఒత్తిడి పెంచితే కణాలు చితికి క్లోరోఫిల్ కిందకి కారిపోతుంది. అక్కడ ఆపి, ఎంత వడకట్టారో ఫిల్టర్ రేకు మీదే రాసేయండి. ఫిల్టర్ మడిచి రేకులో చుట్టి లిక్విడ్ నైట్రోజన్‌లో. తర్వాత 90 శాతం ఎసిటోన్‌లో చీకట్లో, చల్లగా ఒక రాత్రంతా నానబెట్టి కొలవాలి.

నీలిఛాయ
టైమ్ తేడా గురించి: లోతు సముద్రంలో ఉపగ్రహానికి మూడు గంటలు అటూ ఇటూ నడుస్తుంది. మొగ దగ్గర ఒక గంట దాటనివ్వకండి, ఆటుపోట్లు నీళ్ళనే మార్చేస్తాయి.

గోదావరి_గట్టు
ఇంకో రెండు ప్రశ్నలు. లెన్సులు మార్కెట్లో కొన్నవే పెట్టొచ్చా? షట్టర్ లేదు కదా, డార్క్ ఫ్రేమ్ (వెలుతురు పడకుండా తీసే ఫోటో) ఎలా?

స్లిట్_సుబ్బారావు
పెట్టొచ్చు, కానీ విప్పి. ఐరిస్ రేకులు, వాటి గ్రీజు తీసేయాలి. గ్రీజు శూన్యంలో ఆవిరై గ్రేటింగ్ మీద పొరలా కూర్చుంటుంది, నీలం ముందు పడిపోతుంది. మీరు వాడే జిగురు ఏఎస్‌టీఎం ఈ595 పరీక్షలో మొత్తం బరువు నష్టం ఒక శాతం, ఆవిరై అంటుకునేది 0.1 శాతం లోపున్నదే తీసుకోండి. ఫోకస్ రింగు స్క్రూలు నమ్మొద్దు, జిగురు చుక్కలతో బిగించండి.

ఫోకస్ లెక్క: ఎఫ్/2.8 దగ్గర మీకున్న వెసులుబాటు 16 మైక్రాన్లు అటూ ఇటూ. 50 మి.మీ. అల్యూమినియం 20 డిగ్రీలు వేడెక్కితే 23 మైక్రాన్లు సాగుతుంది. అంటే దాదాపు పిక్సెల్న్నర మసక. థర్మల్ వాక్యూమ్ ఛాంబర్లో కిటికీ బయట కాలిమేటర్ పెట్టి, మూడు ఉష్ణోగ్రతల దగ్గర ఫోకస్ చూసి, కక్ష్యలో ఎక్కువసేపు ఉండే ఉష్ణోగ్రత దగ్గర బిగించండి. గది ఉష్ణోగ్రత దగ్గర కాదు.

గ్రేటింగ్_గిరి
దీనికి జోడింపు: మబ్బు అంచులు. 30 మిల్లీసెకన్లకి సముద్రం పిక్సెల్‌కి 10,000 ఎలక్ట్రాన్ల దాకా నింపుతుంది. తెల్ల మబ్బు అంతకు ఆరు రెట్లు, ఐఎంఎక్స్249 నిండేది 33,000 దగ్గరే. మబ్బు నిండిపోవడం సమస్య కాదు, అది లోపల లెన్సుల మధ్య తిరిగి పక్క నీళ్ళ మీద పడడం సమస్య. స్లిట్ తర్వాత బాఫిల్స్, నల్ల పూత తప్పనిసరి. మబ్బుకి పక్కనున్న పది పిక్సెళ్ళు మాస్క్‌లో కలిపేయండి.

రాడార్_రమణ
పర్మిషన్లు మర్చిపోకండి. ఇన్-స్పేస్ (ప్రైవేటు అంతరిక్ష పనులకు అనుమతిచ్చే సంస్థ) అనుమతి ఒకటి, టెలికాం శాఖ డబ్ల్యూపీసీ దగ్గర ఫ్రీక్వెన్సీ ఒకటి, దాని ద్వారా ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంఘం) ఫైలింగ్. కెమెరా కంటే ముందు మొదలుపెట్టాల్సిన పని అదే. ఎస్-బ్యాండ్ అనుకుని డిజైన్ చేసి చివర్లో ఫ్రీక్వెన్సీ మారితే యాంటెన్నా మళ్ళీ చేయాలి.

టైమ్ విషయం కూడా. ఫ్రేమ్ టైమ్‌స్టాంప్‌లో ఒక సెకను తప్పు అంటే నేల మీద 7 కి.మీ. పాయింటింగ్‌లో 0.1 డిగ్రీ అంటే 870 మీటర్లు. లోతు సముద్రంలో గుర్తుపట్టడానికి చెట్టూ పుట్టా ఉండవు, కాబట్టి ప్రతి ఫోటోలో వీలైతే ఒక మూల తీరం గీత వచ్చేలా తీయండి. జీపీఎస్ పీపీఎస్ సిగ్నల్ (సెకనుకోసారి వచ్చే ఖచ్చితమైన పల్స్) కెమెరా ట్రిగ్గర్‌కి నేరుగా తగిలించండి, ఆన్‌బోర్డ్ కంప్యూటర్ గడియారం మీద వదిలేయొద్దు.

గోదావరి_గట్టు
రమణ అన్నా, ఇది మా డిజైన్లో లేదు. పీపీఎస్ ఈ వారమే పెడతాం. 50 మి.మీ. లెన్స్, 400–800, 120 బ్యాండ్లు, బిన్నింగ్ లేని క్యాలిబ్రేషన్ మోడ్, గ్లింట్ రూల్. ఇలా పోతున్నాం. రివ్యూ వాళ్ళకి సుబ్బారావు గారి ఎలక్ట్రాన్ల లెక్క చూపిస్తాను.

నీలిఛాయ
లెక్కతో పాటు బొమ్మ కూడా చూపించండి. అంతరిక్ష కేంద్రం మీద 2009 నుంచి 2014 దాకా పనిచేసిన హైకో అనే హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా డేటా 90 మీటర్లు, ఉచితంగా దొరుకుతుంది. తేట నీళ్ళున్న ఒక సీన్ తీసుకుని, ఎస్‌ఎన్‌ఆర్ 95 వచ్చేంత నాయిస్ కలిపి క్లోరోఫిల్ లెక్కకట్టండి, మళ్ళీ 300కి కలిపి కట్టండి. రెండు మ్యాపులు పక్కపక్కన పెడితే 20 మీటర్ల వాదన అక్కడే ఆగుతుంది.

గోదావరి_గట్టు
తప్పకుండా మేడం. డార్క్ ఫ్రేమ్ ప్రశ్న మిగిలిపోయింది.

కక్ష్య_500
రాత్రి వైపు నడి సముద్రం మీద తీయాలి. చంద్రుడు లేని రాత్రులు, ఊళ్ళకీ ఓడలకీ దూరంగా. దక్షిణ పసిఫిక్ అందుకు మంచిది. దక్షిణ అట్లాంటిక్ మీద మాత్రం వద్దు, అక్కడ రేడియేషన్ చుక్కలు నిండిపోతాయి. పగలు ఫోటోకి వాడే ఎక్స్‌పోజరే, గెయిన్ అదే, కనీసం 100 ఫ్రేములు తీసి ఆన్‌బోర్డ్‌లోనే సగటు కట్టి ఒక్క ఫ్రేమ్ దించండి. సీమోస్ డార్క్ కరెంట్ ఆరేడు డిగ్రీలకి రెట్టింపు అవుతుంది కాబట్టి సెన్సార్ ఉష్ణోగ్రత ప్రతి ఫ్రేమ్ హెడర్లో రాయించండి. అది లేకపోతే రాత్రి తీసిన డార్క్‌ను ఏ పగటి ఫోటో నుంచి తీసేయాలో తేలదు. వారానికోసారి తీస్తే హాట్ పిక్సెళ్ళ జాబితా కూడా దాంట్లోంచే వస్తుంది.